చూరెత్తున గొల్లభామ గూడు

నవంబరు వచ్చిందంటే మినెవో అన్నకు అన్నం సహించదు. పొద్దున్న లేస్తూనే కొండ వంక చూస్తాడు, తర్వాత లిఫ్టు వంక చూస్తాడు, ఆ తర్వాతే మొహం కడుక్కుంటాడు. డెబ్బై ఏళ్లొచ్చాయి. అందులో నలభై ఆరేళ్లు మా కుజుసావా కొండవాలులో ఆ లిఫ్టు తిప్పడంలోనే గడిచాయి.

లిఫ్టంటే మేడలెక్కించే పెట్టె కాదు. కొండ కింద నుంచి పైదాకా ఒక ఇనప తీగ, దానికి వేలాడుతూ ఇద్దరిద్దరు కూర్చునే కుర్చీలు. కాళ్లకు స్కీ బద్దలు బిగించుకున్నవాళ్లను కింద ఎక్కించుకుని పైన దింపుతుంది, వాళ్లు మంచు మీద జారుకుంటూ దిగివస్తారు. మళ్లీ ఎక్కుతారు, మళ్లీ జారతారు. ఎవరి పిచ్చి వాళ్లకానందం. వాళ్లకు ఆకలేస్తే కూర అన్నం వండిపెట్టేది నేను. నా పేరు ఫుసాయే. పద్దెనిమిదో ఏట ఆ వంటపాకలో గరిటె పట్టాను, ఇప్పుడు అరవై మూడు.

రెండు చలికాలాలుగా ఆ లిఫ్టు ఒక్కరోజు కూడా తిరగలేదు. మంచు పడితే కదా తిరగడానికి! మొదటి ఏడు వాన కురిసింది. రెండో ఏడు పాదం మునిగేంత పడి, మర్నాడే కరిగి, వాలంతా ఎండుగడ్డి తేలింది. ఈసారి లిఫ్టుకు అనుమతిచ్చే సర్కారు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. జనవరి ఆఖరులోగా లిఫ్టు కనీసం ఒక్కరోజైనా తిరగాలి. వాళ్ల మనిషి వచ్చి కళ్లారా చూసి సంతకం చెయ్యాలి. లేకపోతే అనుమతి రద్దు చేసి వేసవిలో స్తంభాలు పీకించేస్తారు. ఆ కాగితం చదివిన రోజున మినెవో అన్న నా పాకలోకి వచ్చి కూర్చుని, టీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు. మనిషి గుండెల్లో రాయి పడ్డదని నాకు అప్పుడే తెలిసింది.

మా ఊళ్లో మంచు ఎంత పడుతుందో ముందుగా చెప్పేది రేడియో కాదు, గొల్లభామ. ముందుకాళ్లు జోడించి దణ్ణం పెడుతున్నట్టు నిలబడుతుందే, ఆ ఆకుపచ్చ పురుగు. చలికాలానికి ముందు కొమ్మను పట్టుకుని నురగలాంటి గుడ్ల తిత్తి పెట్టి అది చచ్చిపోతుంది. ఆ తిత్తి మంచులో కూరుకుపోకూడదు కాబట్టి, రాబోయే మంచు ఎంతెత్తో తెలుసుకుని దానికి పైనే పెడుతుందని మా నమ్మకం. పట్నం పెద్దమనుషులు వచ్చి అదంతా వట్టి మాట అని కాగితాల్లో రాసుకుపోయారు. రాసుకోనీ. మా ఇళ్ల కప్పులకు ఎన్ని గుంజలు ఊతమివ్వాలో, ముల్లంగి ఎంత లోతున పాతాలో ఆ తిత్తి చూసే మేం తేల్చుకున్నాం.

తిత్తి చదివే పని మినెవో అన్న తల్లి తొయో అవ్వది. ఆవిడ తర్వాత ఈయనది. ఒకటే దారి, ఏటా అదే దారి. గుడి వెనక పొదలు, వాగు ఒడ్డున దేవదారు మొక్కలు, ఆఖరున వాళ్ల వదిన చియొనో పెరట్లోని మల్బరీ చెట్టు. చూసి వచ్చి ఊరి పెద్దల ముందు ఒక్క మాట చెబుతాడు. మోకాలెత్తు, నడుమెత్తు, తలెత్తు, చూరెత్తు. ఆ మాటలో ఏనాడూ అబద్ధం లేదు. అబద్ధం చెబితే ఎవడి కప్పో కూలుతుంది మరి.

మంచు ఏళ్లకు మా ఊళ్లో పేర్లుండవు, అంకెలుంటాయి. ముప్పై ఎనిమిది ఒకటి, యాభై ఆరు ఒకటి. అప్పటి చక్రవర్తిగారు గద్దెనెక్కి ఎన్నేళ్లయిందో ఆ లెక్క అది. ఆయన కాలం పోయి రెండు కాలాలు మారినా ఆ రెండంకెలు మాత్రం మా నోట పోలేదు. ముప్పై ఎనిమిదిలో మినెవో అన్న ఎనిమిదేళ్లవాడు. మేడ మీద కిటికీలోంచి స్కీలు తొడుక్కుని నేరుగా బడికి జారిపోయాడట. దారిలో కరెంటు తీగలు కాళ్లకు తగిలితే దాటుకుంటూ వెళ్లానని చెబుతాడు. ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు, చెప్పిన ప్రతిసారీ తీగలు ఒక బెత్తెడు కిందికి దిగుతాయి.

యాభై ఆరు నాకు బాగా గుర్తు. తొయో అవ్వ ఆ శరత్తులో చూరెత్తు అని చెప్పింది. అంతకంటే ఎక్కువే పడింది. లిఫ్టు కుర్చీలు మంచును ఒరుసుకుపోతుంటే, తీగ పొడవునా కింద కాలవ తవ్వారు. పొద్దున తవ్వితే మధ్యాహ్నానికి నిండేది. రైలు ఆగిపోయి స్కీ వాళ్లు నూటికి పైగా ఊళ్లో ఇరుక్కుపోయారు. తొమ్మిది రోజులు! ఊళ్లో బియ్యమంతా వండిపోశాను. కూరలో వేసేందుకు ఉల్లిపాయ దొరక్క, మంచు కింద పాతిపెట్టిన ముల్లంగి తవ్వి వేశాను. పాపం, తిని పాటలు పాడారు వాళ్లు. వాలు మే నెల దాకా తెల్లగా ఉంది. అంత సంబరం మా ఊరు మళ్లీ చూడలేదు.

ఆ చలికాలంలోనే మినెవో అన్న అన్నగారు యసుజి పోయాడు. వారంలో నాలుగోసారి కప్పు మీద మంచు తోస్తున్నాడు. మినెవో అన్న కాలవ తవ్వడానికి సాయం రమ్మని పొద్దున కేకేస్తే, "ఈ పక్క తోసేసి వస్తా పద" అన్నాడట. ఆ పక్క తోస్తుండగానే కప్పు మీద మంచంతా ఒక్కసారి జారి ఆయన్ను చూరు కింద పూడ్చేసింది. ఆయన భార్య చియొనో అక్క లిఫ్టు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. లిఫ్టు మోతలో, జనం కేకల్లో, ఆవిడ ఏం అరుస్తోందో ఎవరికీ వినపడలేదు. వినపడి, వెళ్లి, తవ్వేసరికి ఆలస్యమైపోయింది.

అప్పటికి చియొనో అక్కకు ముప్పై ఏళ్లు. మరిదిని ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు నుంచి వాలు మీద కాలు పెట్టలేదు. మంచును పేరు పెట్టి పిలవడం కూడా మానేసింది. "అది పడతందా?" అంటుంది, "అది కరిగిందా?" అంటుంది. దారం వడుకుతూ, మగ్గం మీద నార బట్ట నేస్తూ నలభై అయిదేళ్లు ఒంటరిగా బతికింది. ప్రతి చలికాలం ఆవిడ ఇంటి కప్పు మీద మంచు తోసేది మాత్రం మినెవో అన్నే. తన కప్పు తర్వాత, ముందు వదిన కప్పు.

ఇక ఈ నవంబరు సంగతి. శరత్తులో మా ఇళ్లలోకి కంపు పురుగులు దూరతాయి. ఎన్ని దూరితే అంత మంచు అంటారు. మిగతా ఏళ్లలో తిట్టుకుంటూ ఊడ్చి పారేసేదాన్ని, ఈసారి పరదాలు దులిపి దులిపి వెతికాను. ఏడు దొరికాయి. సిగ్గువిడిచి వాటిని మళ్లీ పరదా మీదే వదిలేశాను. పై కొండ మూడుసార్లు తెల్లబడితే నాలుగోసారి ఊళ్లో పడుతుందని ఇంకో లెక్క. కొండ అప్పటికి ఒక్కసారి తెల్లబడి, మధ్యాహ్నానికి మళ్లీ నల్లగా నిలబడింది.

తిత్తి చదవడానికి ఆయనతో నేనూ బయల్దేరాను. ఒక్కణ్ణే పంపడానికి నాకు మనసొప్పలేదు. గుడి వెనక మొదటి తిత్తి మోకాలెత్తున ఉంది. రెండోది ఇంకా కింద, గడ్డి దుబ్బులో. వాగు ఒడ్డున మూడు చూశాం. మూడూ మోకాలు దాటలేదు. ప్రతిదాని ముందూ కూర్చుని వేలితో నిమిరి లేచేవాడు. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఉండబట్టలేక అన్నాను.

"అన్నా, ఈ పురుగులకు ఈసారి మోకాళ్ల నొప్పులేమో. ఎక్కలేక కిందే పెట్టినయ్."

"ఊరుకో ఫుసాయే."

"ఊరుకుంటాలే. నువ్వేం చెప్తావు రేపు పెద్దలకి?"

"కనపడ్డదే చెప్తా."

కనపడ్డది చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. లిఫ్టు తిరగాలంటే కనీసం ముగ్గురుండాలి. కింద ఎక్కించేందుకు ఒకరు, మోటారు దగ్గర ఒకరు, పైన దింపేందుకు ఒకరు. కింద నేను చూసుకోగలను, మోటారు ఆయనది. పైన ఉండేది షింపే. మాకు యాభై రెండేళ్లవాడే కుర్రాడు! లిఫ్టుకు చాలినంత మంచు ఉండదని తేలితే అతను చలికాలం పనికి కింది పట్నం వెళ్లిపోతాడు. అతనికి ఇల్లు గడవాలి, తప్పుపట్టడానికేం లేదు. చూరెత్తు అని చెబితే ఉండిపోతాడు. ఉండిపోయాక మంచు పడకపోతే, అతని చలికాలమంతా బూడిదలో పోసిన పన్నీరు.

ఆఖరుకు చియొనో అక్క పెరడు చేరాం. ఆవిడ ఇంట్లో మగ్గం టకటకలాడుతోంది. మల్బరీ చెట్టు మొదట్లో ఏమీ లేదు. మినెవో అన్న తల పైకెత్తాడు, నేనూ ఎత్తాను. చూరుకు సమానంగా, కొమ్మ మీద, ఒక తిత్తి.

"అన్నా!" అని అరిచాను. "చూరెత్తు! చూరెత్తున పెట్టింది! యాభై ఆరు మళ్లీ వస్తంది!"

ఆయన అరవలేదు. చెట్టు కింద మెత్తటి మట్టిలో రెండు గుంటలు కనిపించాయి. నిచ్చెన కాళ్లు దిగిన గుర్తులవి. గోడకు ఆనించి ఉన్న నిచ్చెన తెచ్చి వేసుకుని ఎక్కాడు. చాలాసేపు పైనే నిలబడిపోయాడు. దిగి వచ్చేసరికి తిత్తి అరచేతిలో ఉంది, దాని చుట్టూ సన్నటి నార దారం ముక్క. తిత్తికి పక్కన వరసగా చిన్న చిన్న బొక్కలున్నాయి. పిల్లలు పొదిగి ఎప్పుడో బయటికెళ్లిపోయాయి. పోయినేటి ఖాళీ గూడు అది. ఎవరో తెచ్చి, కొమ్మకు ఆనించి, తలకిందులుగా కట్టారు.

ముడి చూశాను. నేతగాళ్లు తెగిన పోగుకు వేసే ముడి. లాగితే బిగుస్తుంది తప్ప జారదు. ఊళ్లో ఇప్పుడు ఆ ముడి వెయ్యగలిగిన చేతులు రెండే ఉన్నాయి. ఆ రెండూ లోపల మగ్గం మీద ఆడుతున్నాయి.

మంచు పేరెత్తని మనిషి, మంచు మొగుణ్ణి మింగిన మనిషి, డెబ్బై నాలుగేళ్ల వయసులో నిచ్చెనెక్కి, తన మొగుడు పోయిన చూరెత్తుకే గూడు కట్టింది. మినెవో అన్న దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లోపలికి వెళ్లలేదు. "పద" అన్నాడంతే.

మర్నాడు మధ్యాహ్నం ఊరి సావిట్లో అందరూ కూర్చున్నారు. నేను టీ పోస్తున్నాను. పెద్దాయన గెన్‌షిచి తాతకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఆయన ఏటా అడిగినట్టే అడిగాడు.

"ఏరా మినెవో, పురుగు ఏవంది?"

నేను ముందురోజే చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. చూరెత్తున ఒకటుందని చెప్పు, అది అబద్ధం కాదుగా, ఉంది కదా, ఎవరు పెట్టారో చెప్పక్కర్లేదు కదా అని. ఇప్పుడు టీ పోస్తూ ఆయన కాలు తొక్కాను కూడా. ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్లింది, అక్కడే ఆగింది. షింపే వంక చూశాడు. షింపే మోకాళ్ల మీద కూర్చుని, ఈయన నోటి వంకే చూస్తున్నాడు.

"మోకాలెత్తు," అన్నాడు మినెవో అన్న. "అంతా మోకాలెత్తే."

షింపే నేలకు తల ఆనించి లేచాడు.

"మినెవో మావా, నాకు వెళ్లక తప్పదు."

"వెళ్లరా. వెళ్లాలనే చెప్పా."

గెన్‌షిచి తాత టీ గిన్నె కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "మూడో మనిషి లేందే అది తిరగదు. ఇక ఆశలు పెట్టుకోటం ఎందుకురా? ఆఫీసుకు రాసేద్దాం." మినెవో అన్న, జనవరి ఆఖరు దాకా రాయొద్దని బతిమాలాడు. ఏనాడూ ఎవర్నీ బతిమాలని మనిషి. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. నిజం చెప్పి తన లిఫ్టుకు తనే గొయ్యి తవ్వుకున్న మనిషిని చూస్తే ఇంకేం వస్తుంది?

సావిట్లోంచి ఆయన నేరుగా వదిన ఇంటికి వెళ్లాడు. వెనకే నేనూ. పిలవని పేరంటమే, అయినా వెళ్లాను. చియొనో అక్క మగ్గం ఆపలేదు. ఆయన జేబులోంచి తిత్తి తీసి, నేస్తున్న బట్ట మీద పెట్టాడు. మగ్గం ఆగింది.

"వదినా, ఇది పోయినేటిది. ఈ బొక్కలు చూడు. పిల్లలు ఎల్లిపోయినయ్."

"బొక్కలుంటయ్యని నాకేం తెలుసు."

"తలకిందులుగా కట్టావు."

"పురుగుల్లో ఏది తలో ఏది కాలో మా అత్తగారి వంశానికే తెలుసు. నాకు దారమే తెలుసు."

నాకు నవ్వొచ్చింది. మినెవో అన్నకు రాలేదు. గడప మీద కూలబడ్డట్టు కూర్చున్నాడు.

"ఎందుకు కట్టావు వదినా? నువ్వు?"

ఆవిడ దారం సరిచేసుకుంది. "నువ్వు అన్నం మానేశావు," అంది. "నేనిచ్చిన ఊరగాయ గిన్నె మూత తియ్యకుండా తిరిగొచ్చింది. నలభై అయిదేళ్లు నా కప్పు దులిపావు. ఒక్కేడు మానలేదు. ఆ లిఫ్టు ఒక్కటే నీకున్న ముచ్చట. అది పోతే నువ్వూ పోతావని భయమేసింది. ఇంకెవరున్నారు నాకు కప్పు దులపటానికి?"

"ఆ రోజు నేను అన్నను పిలవకపోతే తొందరపడేవాడు కాదు," అన్నాడు ఆయన. నలభై అయిదేళ్లలో ఆ మాట ఆయన నోట నేను విన్నది అప్పుడే.

"పిలిచినా పిలవకపోయినా తొందరే ఆయనకి. అన్నం కూడా నిలబడే తినేవాడు." తిత్తిని తీసి కిటికీ అంచున పెట్టింది. "మూడో మనిషి చెయ్యాల్సిన పనేంది?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

"పైన గదిలో కూర్చోటం. దిగేవాళ్ల చెయ్యి పట్టుకోటం. ఎవరన్నా పడితే ఎర్ర బొత్తాం నొక్కటం. ఏదన్నా ఐతే ఫోను తిప్పి నాకు చెప్పటం," అన్నాడు మినెవో అన్న.

"ముసల్దానికి సరిపోయే పనేలే," అంది, మళ్లీ మగ్గం మొదలెట్టింది.

డిసెంబరు గడిచింది, అది పడలేదు. చూశారా, నాకూ ఆవిడ మాటే అంటుకుంది. కొండ రెండోసారి తెల్లబడింది. కొత్త సంవత్సరానికి బియ్యపు ముద్దలు దంచుకున్నాం, తిన్నాం, కళ్లు మాత్రం ఆకాశం మీదే. జనవరి సగంలో మూడు రోజులు వాన కురిసింది. వాన చప్పుడు వింటుంటే నాకు ఒంట్లో జ్వరం వచ్చినట్టుండేది. మినెవో అన్న చక్రాలకు నూనె రాసి, రాసిన నూనె తుడిచి, మళ్లీ రాసి, ఖాళీ కుర్చీలు తిప్పి చూసేవాడు. ఎండుగడ్డి మీద ఖాళీ కుర్చీలు తిరగడం అంత దిక్కుమాలిన దృశ్యం ఇంకోటి లేదు. చియొనో అక్క రోజూ సాయంత్రం ఊరగాయ గిన్నె పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లేది, ఆయన తినేదాకా ఎదురుగా కూర్చునేది.

జనవరి ఇరవై ఆరున కొండ మూడోసారి తెల్లబడింది. ఇరవై ఏడు పొద్దున చప్పుడు లేకుండా మొదలై, మర్నాడు మధ్యాహ్నం దాకా పడుతూనే ఉంది. ఆగాక మినెవో అన్న వాలు మధ్యకు వెళ్లి నిలబడ్డాడు. సరిగ్గా మోకాలెత్తు. గొల్లభామలు తప్పలేదు.

అదే దెబ్బ కూడా. వాలు మధ్యకు మోకాలెత్తు సరిపోతుంది. ఎక్కే చోటా దిగే చోటా ఎండ తగిలి, గాలి ఊడ్చి, నేల కనపడుతోంది. అక్కడ గట్టిగా తొక్కిన మంచు నడుమెత్తు లేందే కుర్చీ ఎక్కడం, దిగడం కుదరదు. రేడియోలో ముప్పయ్యో తేదీ నుంచి వెచ్చటి వాన అని చెప్పారు. అంటే ఉన్నది ఇరవై తొమ్మిది ఒక్కరోజే. ఆఫీసు మనిషికి ఫోను చేస్తే, పది గంటలకు వస్తానన్నాడు.

తెల్లారకముందే గుడి నీడలో ఉన్న మంచు తోడాం, వాగు గట్టు మంచు తోడాం. ప్లాస్టిక్ బండ్లలో నింపి ఈడ్చాం. గెన్‌షిచి తాత తన కప్పు మీది మంచు తోయించి పంపాడు, "ఇంత వయసొచ్చాక మంచును ఊళ్లోంచి వాలుకు మోయించే రోజు చూస్తాననుకోలేదు" అని గొణుక్కుంటూ. పై చోటు సరిపోయింది. కింద ఇంకా పది బండ్లన్నా కావాలి. ఎనిమిదయింది. మిగిలింది చియొనో అక్క కప్పు ఒక్కటే.

మినెవో అన్న నిచ్చెన దగ్గర నిలబడిపోయాడు. ఏటా ఎక్కే నిచ్చెనే. ఈసారి ఎందుకో అడుగు పడలేదు. చియొనో అక్క ఇంట్లోంచి తాడు తెచ్చి ఆయన నడుముకు కట్టింది. అదే ముడి. రెండో కొస మల్బరీ చెట్టుకు కట్టింది. "ఎక్కు" అంది.

ఆయన పైన తోస్తున్నంతసేపూ ఆవిడ చూరుకు దూరంగా, రెండు చేతులూ తాడు మీద పెట్టి నిలబడింది. మంచు ఒక్కో పెళ్లగా జారి ఆవిడ ముందు పడేది. పడ్డప్పుడల్లా ఆవిడ భుజాలు అదిరేవి, నేను చూశాను. ఆయన దిగి నేల మీద కాలు పెట్టాకే ఆవిడ తాడు వదిలింది. అప్పుడు పార తీసుకుని, ఆ మంచును తనే బండిలో నింపింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టబోతే, "నా కప్పుది, నేనే నింపుతా" అంది. పన్నెండు బండ్లయింది.

పావుతక్కువ పదికి ఆఫీసు మనిషి వచ్చి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. బడి నుంచి నలుగురు పిల్లలు స్కీలతో వచ్చారు. మా బడిలో ఉన్నదే నలుగురు. ముందు పైకి మూడో మనిషి చేరాలి. చియొనో అక్కను నేనే కుర్చీ ముందు నిలబెట్టాను. నలభై అయిదేళ్ల తర్వాత ఆ వాలు మీద కాలు పెట్టిన మనిషి నా మోచెయ్యి వదల్లేదు.

"భయమేస్తే కళ్లు మూసుకో అక్కా."

"మూసుకుంటే ఎట్టా కనపడుద్ది?" అంది. కుర్చీ వచ్చింది, కూర్చుంది, లేచిపోయింది. చిన్నదైపోతూ పైకి వెళుతుంటే మినెవో అన్న మోటారు పిడి పట్టుకుని కదలకుండా చూస్తున్నాడు. ఆవిడ దిగాల్సిన చోట లిఫ్టు నెమ్మది చేశాడు. ఆవిడ నీలం తలగుడ్డ కుర్చీలోంచి లేచి గది వైపు వెళ్లడం కింద నుంచి కనపడింది.

మేం ఎదురుచూశాం. ఆఫీసు మనిషి కాగితం తీశాడు, సంతకం మాత్రం పెట్టలేదు. పైనుంచి ఫోను రాందే పిల్లల్ని ఎక్కించకూడదు. ఒక నిమిషం. రెండు. పైకి చేరాక ఆవిడ మనసు మారిందేమో, అక్కణ్ణుంచి చూరు చూసి కూలబడిందేమో అని నాకు పిచ్చి భయం పట్టుకుంది.

ఫోను మోగింది. ఆయన తీశాడు. నేను చెవి ఆనించాను.

"మినెవో," అంది. కాస్త ఆయాసం. "ఇక్కణ్ణుంచి మా ఇల్లు కనపడతంది."

"ఊఁ, వదినా."

"కప్పు మీద చిటికెడు మంచు లేదు." గది కిటికీ తెరిచిన చప్పుడు వినపడింది. "పిల్లల్ని పంపు. పట్టుకుంటా."